కార్డు మీద నేరం మోపే ముందు

కంప్యూటర్ రోజువారీ పనులన్నీ సక్రమంగా చేస్తూ, ఆట మొదలైన కాసేపటికే తెర నల్లబడడమో, ఆట తనంతట తాను మూతపడడమో, యంత్రమంతా ఆగి మళ్ళీ మొదలవడమో జరిగితే, గ్రాఫిక్స్ కార్డు పోయిందన్న మాటే అందరికంటే ముందు వినిపిస్తుంది. ఆ మాట కొన్ని సందర్భాల్లో నిజమే కావచ్చు గాని, పరీక్ష జరగకముందే తీర్పు వచ్చేయడం వల్ల బాగున్న కార్డు అయినకాడికి అమ్ముడుపోతుంది, అప్పు చేసి తెచ్చిన కొత్త కార్డు కూడా వారం తిరగకుండానే అదే తంతు చూపిస్తుంది, ఆ తర్వాత ఇంట్లో ఆ కార్డు కొనిపించిన కుర్రవాడి మాటకు విలువ తగ్గుతుంది. పెద్దమండ్యం వంటి మండలంలో ఈ తొందరపాటుకు మూల్యం ఇంకా ఎక్కువ. విడిభాగం కావాలంటే మదనపల్లె దాకా, అక్కడ దొరకకపోతే బెంగళూరులోని ఎస్పీ రోడ్డు దాకా పోవలసి వస్తుంది. కుప్పం వారికి చెన్నై, బెంగళూరు మధ్య రైలు మార్గం ఊరి మీదుగానే పోతుంది కాబట్టి చెన్నైలోని రిచీ స్ట్రీట్ అంగళ్ళు కూడా అందుబాటులో ఉంటాయి గాని, ఎటు వెళ్ళినా ఒక రోజు పని, దారి ఖర్చు తప్పవు. అందువల్ల లోపం ఎక్కడుందో ఇంటి దగ్గరే, చేతిలో ఉన్న సాధనాలతో, ఒక వరుసలో తేల్చుకోవడం నేర్చుకోదగిన విద్య.

గ్రాఫిక్స్ కార్డు అంటే తెర మీద కనిపించే ప్రతి బొమ్మను లెక్కగట్టి గీసే ప్రత్యేకమైన చిప్పు, దాని సొంత మెమరీ, దానికి కరెంటు అందించే భాగాలు, దాన్ని చల్లబరిచే ఫ్యాన్లు కలిసి ఉన్న ఒక పలక. ఎన్విడియా సంస్థ 1999లో జీఫోర్స్ 256ను విడుదల చేస్తూ జీపీయూ అన్న పేరును ప్రచారంలోకి తెచ్చిన నాటి నుంచి, ఈ చిప్పును కంప్యూటర్‌లోని రెండో మెదడుగా పరిగణించడం అలవాటైంది. ఉత్తరం టైపు చేస్తున్నప్పుడు, సినిమా చూస్తున్నప్పుడు ఈ పలక దాదాపు విశ్రాంతిలో ఉండి కొద్ది వాట్ల కరెంటుతోనే సరిపెట్టుకుంటుంది; అదే కార్డు ఆటలోకి దిగితే ఆర్‌టీఎక్స్ 4060 అయితే 115 వాట్లు, ఆర్‌టీఎక్స్ 3060 అయితే 170 వాట్ల దాకా లాగుతుంది. ఆ సమయంలోనే ప్రాసెసర్, ర్యామ్, ఎస్‌ఎంపీఎస్ అని అందరూ పిలిచే కరెంటు సరఫరా డబ్బా, గోడలోని ప్లగ్గు, ఇంటి వైరింగు కూడా తమ తమ గరిష్ఠ భారాన్ని మోస్తూ ఉంటాయి గనుక, ఆటలో బయటపడిన బలహీనత వీటిలో దేనిదైనా కావచ్చు. ఈ సంగతి పల్లెలో కొత్తగా చెప్పవలసినది కాదు. బోరు నీళ్ళు ఎత్తకపోతే రైతు మొదట ఫ్యూజు, స్టార్టరు, మూడు ఫేజులూ వస్తున్నాయా లేదా చూసి, కేబులు తడిమి, అన్నీ సరిగ్గా ఉన్నాయని తేలాకే మోటారును పైకి లాగిస్తాడు. లాగించడానికి కూలీలకు, బండికి అయ్యే ఖర్చు అతనికి తెలుసు. కార్డు విషయంలోనూ పాటించవలసిన వరుస అదే.

పరీక్షకు తొలి మెట్టు లోపం ఏ రూపంలో కనిపించిందో స్పష్టంగా గుర్తించడం. ఆట ఒక్కటే మూతపడి డెస్క్‌టాప్ మామూలుగా ఉంటే, ఆట ఫైళ్ళు, డ్రైవరు, ర్యామ్, ప్రాసెసర్ ముందు అనుమానితులు. తెర క్షణకాలం నల్లబడి, తిరిగి వెలిగి, డిస్‌ప్లే డ్రైవరు స్పందించడం ఆగి మళ్ళీ కోలుకుందన్న సందేశం వస్తే, విండోస్ తనకు తానే కార్డును తిరిగి లేపిందని అర్థం. విండోస్ విస్టా కాలం నుంచి ఉన్న ఈ ఏర్పాటులో, కార్డు ఒక పనిలో ఇరుక్కుని మామూలుగా 2 సెకన్లలోపు బదులివ్వకపోతే వ్యవస్థ దాన్ని రీసెట్ చేస్తుంది. రీసెట్ కూడా విఫలమైతే వీడియో టీడీఆర్ ఫెయిల్యూర్ అన్న మాటలతో నీలి తెర వస్తుంది. తెర పూర్తిగా నల్లబడి, ఆట శబ్దం మాత్రం కాసేపు వినిపిస్తూ, కార్డు ఫ్యాన్లు ఒక్కసారిగా గరిష్ఠ వేగం అందుకుంటే, కార్డుకు కరెంటు గాని, మదర్‌బోర్డుతో సంబంధం గాని తెగిందని అనుమానించాలి. ప్లగ్గు పీకినట్టు యంత్రమంతా ఆగిపోతే చూపు కార్డు మీద నుంచి ఎస్‌ఎంపీఎస్ మీదికి, అక్కడి నుంచి గోడ మీదికి మళ్ళాలి. తెర మీద చుక్కలు, గళ్ళు, సంబంధం లేని రంగుల ముక్కలు కనిపించడం మాత్రం కార్డు మెమరీ లేదా చిప్పు వైపు గట్టిగా వేలు చూపే లక్షణం.

ఈ చివరి లక్షణంలోనూ ఒక చిన్న పరీక్ష చాలా అనుమానాలు తీరుస్తుంది. మచ్చలు కనిపిస్తున్నప్పుడు స్క్రీన్‌షాట్ తీసి, దాన్ని ఫోనులో తెరిచి చూస్తే, మచ్చలు అందులోనూ ఉన్నట్లయితే అవి కార్డులోనే పుట్టాయని, స్క్రీన్‌షాట్ శుభ్రంగా ఉంటే కార్డు గీసిన బొమ్మ సరిగ్గానే ఉండి, కేబుల్ దగ్గరో, పోర్టు దగ్గరో, మానిటర్‌లోనో చెడిందని చాలా వరకు నమ్మవచ్చు. విండోస్ ఇంకా మొదలుకాకముందు, కంపెనీ గుర్తు కనిపించే దశలోనే మచ్చలు ఉంటే డ్రైవరు మీద అనుమానం పూర్తిగా తొలగిపోతుంది, ఎందుకంటే ఆ దశలో డ్రైవరు ఇంకా రంగంలోకి దిగి ఉండదు.

విండోస్ తన లోపాలను ఈవెంట్ వ్యూయర్ అనే దస్త్రంలో తేదీ, సమయంతో సహా రాసుకుంటుంది. స్టార్ట్ గుర్తు మీద కుడి క్లిక్ చేసి దాన్ని తెరిచి, విండోస్ లాగ్స్‌లో సిస్టమ్ అన్న భాగంలో ఆట ఆగిన నిమిషం దగ్గర ఏం రాసి ఉందో చూస్తే, డిస్‌ప్లే పేరుతో 4101 అన్న సంఖ్య కార్డు రీసెట్ అయిందని చెబుతుంది. కెర్నల్-పవర్ 41 అన్న నమోదు గురించి ఒక హెచ్చరిక అవసరం. యంత్రం క్రమపద్ధతిలో మూతపడలేదన్నది మాత్రమే దాని అర్థం. అది కనబడగానే ఎస్‌ఎంపీఎస్ పోయిందని చెప్పేవారు ఆ సంఖ్య చెప్పని మాటను దానికి అంటగడుతున్నారు.

కరెంటు సంగతి ఈ ప్రాంతంలో మిగతా అన్నిటికంటే ముందు, అన్నిటికంటే ఓపికగా చూడవలసినది. ఇంటికి రావలసింది 230 వోల్టులు. బోరు మోటార్లు ఒకేసారి తిరిగే వేళల్లో, లైను చివర ఉన్న ఇళ్ళలో వోల్టేజీ బాగా పడిపోవడం పల్లెల్లో అందరికీ అనుభవమే. వోల్టేజీ తగ్గినప్పుడు ఎస్‌ఎంపీఎస్ అదే పనికి ఎక్కువ ఆంపియర్లు లాగవలసి వస్తుంది, చవక రకం డబ్బా అయితే లోపలి కెపాసిటర్లలో నిలవ ఉండే శక్తి కూడా తగ్గుతుంది; అటువంటి సమయంలో కరెంటు కన్నార్పినంతసేపు తడబడినా, ఉత్తరం టైపు చేస్తున్న కంప్యూటర్ తట్టుకుంటుంది గాని ఆట ఆడుతున్న కంప్యూటర్ ఆగిపోతుంది. అందుచేత ఆట ఏ వేళలో ఆగుతుందన్నది ముఖ్యమైన ఆధారం. పగలు మోటార్ల సమయంలో మాత్రమే ఆగుతూ, రాత్రి పొద్దుపోయాక గంటల తరబడి నిక్షేపంగా నడిచే కంప్యూటర్‌లో కార్డును తప్పుపట్టడానికి కారణం లేదు. ఆట నడుస్తుండగా ఎలక్ట్రీషియన్ చేత మల్టీమీటర్‌తో అదే ఎక్స్‌టెన్షన్ బాక్సులో వోల్టేజీ చూపించి, ఆట ఆపాక మళ్ళీ చూపిస్తే, రెండు అంకెల మధ్య తేడా ఎక్కువగా ఉన్నచోట వదులైన ప్లగ్గో, సన్నని వైరో, కాలిన సాకెట్టో దొరుకుతుంది. ఫ్రిజ్జు, మిక్సీ, కంప్యూటర్ ఒకే బాక్సు మీద ఉన్న ఇళ్ళలో మొదట వాటిని విడదీయడం ఖర్చు లేని వైద్యం.

ఎస్‌ఎంపీఎస్ మీద అతికించిన కాగితాన్ని చదవడం ప్రతి ఆటగాడూ నేర్చుకోవాలి. పైన పెద్ద అక్షరాలతో 450 వాట్లని ఉన్నా, గ్రాఫిక్స్ కార్డు ప్రధానంగా వాడుకునేది 12 వోల్టుల లైనునే. ఆ గడిలో 16 ఆంపియర్లని ఉంటే, 12ను 16తో గుణించగా వచ్చే 192 వాట్లే కార్డుకూ ప్రాసెసర్‌కూ కలిపి దక్కే భాగం. అటువంటి డబ్బాకు 170 వాట్ల కార్డు తగిలిస్తే ఆట మధ్యలో యంత్రం ఆగడం తప్పదు, ఆ ఆగడం కూడా అదృష్టమే, ఎందుకంటే రక్షణ ఏర్పాటు లేని డబ్బా ఆగకుండా కాలిపోయి, తనతో పాటు మదర్‌బోర్డును కూడా తీసుకుపోగలదు. క్యాబినెట్‌తో పాటు ఉచితంగా వచ్చే ఎస్‌ఎంపీఎస్ కార్యాలయ పనులకు సరిపోతుంది. దాని మీద ఆటల కార్డును నమ్ముకోవడం పొరపాటని మొహమాటం లేకుండా చెప్పవలసి ఉంది.

కార్డుకు కరెంటు రెండు దారుల్లో చేరుతుంది. మదర్‌బోర్డు స్లాటు నుంచి 75 వాట్ల వరకు, విడి కేబుళ్ళ ద్వారా మిగతాది వస్తుంది. 6 పిన్నుల కేబుల్ 75 వాట్లకు, 8 పిన్నులది 150 వాట్లకు నిర్దేశించినవి. జీటీఎక్స్ 1050 టీఐ, జీటీఎక్స్ 1650 వంటి 75 వాట్ల కార్డుల్లో చాలా రకాలకు విడి కేబుల్ అక్కర్లేకపోవడం వల్లనే అవి పాత కంప్యూటర్లలో అంతగా చెల్లుబాటయ్యాయి. తగిన కేబుల్ లేనప్పుడు హార్డ్ డిస్కుకు వాడే సాటా కేబుల్ నుంచి అడాప్టర్ వేసి కార్డుకు తగిలించే అలవాటు ప్రమాదకరం. సాటా ప్లగ్గు 12 వోల్టుల మీద 54 వాట్లకు మించి మోయడానికి తయారైనది కాదు, అంతకు మించితే ప్లాస్టిక్ కరిగి వాసన వస్తుంది. రెండు ప్లగ్గులున్న పెద్ద కార్డుకు ఒకే కేబుల్‌కున్న రెండు తలలు కాకుండా, రెండు వేర్వేరు కేబుళ్ళు వేయడం మేలు. ఖరీదైన కార్డులు కూడా ఈ విషయంలో మినహాయింపు కాదని 2022 అక్టోబర్‌లో లోకానికి తెలిసింది: 450 వాట్ల ఆర్‌టీఎక్స్ 4090 కార్డుల్లో కొన్నిటి 16 పిన్నుల కనెక్టర్లు కరిగిపోగా, ప్లగ్గు పూర్తిగా లోపలికి దిగకపోవడం ప్రధాన కారణాల్లో ఒకటిగా తేలి, తర్వాత ఆ కనెక్టర్ రూపాన్నే సవరించవలసి వచ్చింది. ప్లగ్గు చివరి దాకా దిగిందో లేదో కంటితో చూసి, వేలితో నొక్కి నిర్ధారించుకోవడానికి క్షణం పడుతుంది.

యూపీఎస్, ఇన్వర్టర్ల గురించి కూడా ఇక్కడే చెప్పాలి. దుకాణాల్లో ఎక్కువగా దొరికే 600 వీఏ యూపీఎస్ నిజంగా మోయగలిగేది సుమారు 360 వాట్లే గనుక, కరెంటు ఉన్నంతసేపు బాగానే ఉండి, పోయిన క్షణంలో ఆట ఆడుతున్న యంత్రం భారం ఎత్తలేక కుయ్యిమని అరిచి ఆగిపోతుంది. పనివేళల్లో ఇదే యూపీఎస్ పది నిమిషాలు నిలబడిన సంగతి గుర్తుండి, వినియోగదారుడు లోపాన్ని కార్డులో వెతుకుతాడు. ఇంటి ఇన్వర్టర్‌కు వెనుక వైపు యూపీఎస్ మోడ్ మీట ఉంటే దాన్ని వేసి ఉంచాలి, ఎందుకంటే మామూలు మోడ్‌లో కరెంటు నుంచి బ్యాటరీకి మారడానికి పట్టే వ్యవధి ఎక్కువై, ఎస్‌ఎంపీఎస్ ఆ విరామాన్ని తట్టుకోలేకపోవచ్చు. కొన్ని మంచి రకం ఎస్‌ఎంపీఎస్‌లు స్క్వేర్ వేవ్ ఇన్వర్టర్ మీద సరిగా పనిచేయవు. అవి స్వచ్ఛమైన సైన్ వేవ్‌ను కోరుకుంటాయి.

వీటన్నిటికంటే భయపడవలసింది న్యూట్రల్ తెగడం. ట్రాన్స్‌ఫార్మర్ దగ్గరో, స్తంభం దగ్గరో న్యూట్రల్ తీగ వదులైతే, వేర్వేరు ఫేజుల మీదున్న ఇళ్ళ మధ్య భారం అసమానంగా పంచుకుని, ఒక ఇంట్లో బల్బులు మసకబారుతుండగా పక్కింట్లో 230 బదులు 400 వోల్టులకు దగ్గరగా కరెంటు రాగలదు. ఫ్యాన్లు ఉన్నట్టుండి వేగం పుంజుకోవడం, బల్బులు మామూలు కంటే తెల్లగా వెలగడం దాని గుర్తులు. ఆ క్షణంలో మెయిన్ ఆపి, 1912కు ఫిర్యాదు చేయడం తప్ప వేరే పని పెట్టుకోకూడదు. ఎర్తింగ్ లేకపోవడం ఆటను నేరుగా ఆపడం అరుదు గాని, క్యాబినెట్ ముట్టుకుంటే చేతికి జివ్వుమనిపించే ఇళ్ళలో మరమ్మతు పనికి దిగే ముందు దాన్ని సరిచేసుకోవాలి. రాయలసీమ ఎండల్లో నేల ఎండిపోయేకొద్దీ ఎర్తు గుంట పనితనం తగ్గుతుంది కాబట్టి, వేసవిలో అందులో నీళ్ళు పోయడం పాతవారు పాటించిన మంచి పద్ధతి.

కరెంటు తర్వాత వేడిమి. చాలా కార్డులు ఆటలో 60 నుంచి 85 డిగ్రీల సెల్సియస్ మధ్య పనిచేస్తాయి. అంతకు మించి పెరిగితే కార్డు తన వేగాన్ని తానే తగ్గించుకుంటుంది, అయినా వేడి తగ్గకపోతే తనను తాను కాపాడుకోవడానికి మూతపడుతుంది. చిప్పులో అన్నిటికంటే వేడిగా ఉన్న బిందువును హాట్‌స్పాట్ అంటారు. ఏఎండీ తన ఆర్ఎక్స్ 5700 కార్డుల్లో ఆ బిందువు 110 డిగ్రీల దాకా పోవడం అనుమతించిన పరిధిలోనిదేనని చెప్పింది గనుక, ఆ అంకె ఒక్కటే చూసి బెదరనక్కర్లేదు. అయితే సగటు ఉష్ణోగ్రతకూ హాట్‌స్పాట్‌కూ మధ్య తేడా నెలనెలా పెరుగుతూ పోతే, చిప్పుకూ లోహపు పలకకూ మధ్యనున్న థర్మల్ పేస్టు ఎండిపోయిందని అనుమానించాలి. జీపీయూ-జెడ్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ ఈ అంకెలన్నీ చూపడమే గాక, ఫైలులో నమోదు కూడా చేస్తుంది. ఆట ఆగిపోయాక ఆ ఫైలు చివరి వరుస చదివితే, ఆగే ముందు కార్డు ఎంత వేడి మీద ఉందో తెలుస్తుంది.

దుమ్ము ఏ రకానిదన్నది ఊరిని బట్టి ఉంటుంది. వేరుశనగ కాయ ఒలిచే రోజుల్లో పెద్దమండ్యం వైపు ఇళ్ళలోకి పొట్టు, ఎర్రమట్టి కలిసి వస్తాయి. మదనపల్లె నీరుగట్టువారిపల్లెలో మగ్గాల పక్కన పెట్టిన కంప్యూటర్‌కు దారపు పీచు చుట్టుకుంటుంది. కుప్పంలో గ్రానైటు కోత యంత్రాలకు దగ్గర ఉంటే మెత్తని రాతి పొడి పేరుకుంటుంది. పీచు లోహపు రెక్కల మధ్య కంబళిలా అల్లుకుని గాలిని ఆపుతుంది, రాతి పొడి ఫ్యాను ఇరుసులో చేరి దాన్ని అరగదీస్తుంది. శుభ్రం చేయడానికి యంత్రం ఆపి, ప్లగ్గు తీసి, పవర్ బటన్‌ను కొన్ని సెకన్లు నొక్కి పట్టి మిగిలిన కరెంటు పోనిచ్చాక, క్యాబినెట్ లోహాన్ని ముట్టుకుని ఒంట్లోని స్థిర విద్యుత్తును వదిలించుకోవాలి. స్లాటు చివర ఉండే చిన్న కొక్కేన్ని నొక్కకుండా కార్డును లాగితే స్లాటే విరుగుతుంది. మెత్తని బ్రష్షుతో దుమ్ము కదిలించి, ఫ్యాను రెక్కను వేలితో గట్టిగా పట్టుకుని చేతి బ్లోయర్‌తో ఊదాలి; పట్టుకోకపోతే గాలి వేగానికి ఫ్యాను దాని శక్తికి మించి తిరిగి ఇరుసు చెడుతుంది. క్యాబినెట్‌ను పంక్చర్ షాపుకు తీసుకుపోయి కంప్రెసర్ గాలి కొట్టించడం ఎంత సులువుగా కనిపించినా మానుకోవలసిన పని, ఎందుకంటే ఆ గాలిలో నీటి తుంపర, నూనె కలిసి వస్తాయి. కార్డు అంచున ఉండే బంగారు రంగు కాంటాక్టులను ఐసోప్రొపైల్ ఆల్కహాల్ తడిపిన నూలుగుడ్డతో తుడిచి, ఆరాక తిరిగి బిగిస్తే, చిక్కుముడిలా కనిపించిన కొన్ని లోపాలు ఆ ఒక్క పనితో పోవడం మెకానిక్కులకు తెలిసినదే.

కరెంటు, వేడిమి ఈ రెండిట్లో తప్పుందా లేదా అన్నది పైసా ఖర్చు లేకుండా తేల్చే పరీక్ష ఒకటుంది. ఎంఎస్ఐ ఆఫ్టర్‌బర్నర్ అనే సాఫ్ట్‌వేర్‌లో పవర్ లిమిట్‌ను 100 నుంచి 70 శాతానికి దించి, ఆటలో ఫ్రేమ్ రేటును, అంటే సెకనుకు గీసే చిత్రాల సంఖ్యను, 60కి పరిమితం చేసి ఆడి చూడాలి. అలా ఆడినప్పుడు లోపం మాయమైతే కార్డు చాలినంత కరెంటు అందకో, వేడి పోకో ఇబ్బందిపడుతోందని తెలుస్తుంది. అప్పటికీ అదే చోట అలాగే ఆగితే సాఫ్ట్‌వేర్ వైపు గాని, చిప్పు వైపు గాని చూడాలి. ఫ్రేమ్ రేటుకు పరిమితి ఎంత ముఖ్యమో ఒక సంఘటన చాటింది. 2010లో స్టార్‌క్రాఫ్ట్ 2 విడుదలైనప్పుడు, ఏమీ జరగని మెనూ తెరల్లో హద్దు లేని వేగంతో చిత్రాలు గీస్తూ కార్డులు వేడెక్కిపోవడంతో, ఆ ఆటను తయారుచేసిన బ్లిజార్డ్ సంస్థే ఫ్రేమ్ రేటు తగ్గించుకునే మార్గం ప్రకటించింది. తప్పు ఆటది కాక కార్డుదే అయిన సందర్భమూ ఉంది: 2021 జూలైలో న్యూ వరల్డ్ ఆట పరీక్షా దశలో ఈవీజీఏ తయారుచేసిన ఆర్‌టీఎక్స్ 3090 కార్డులు కొన్ని చనిపోయాయి. నింద మొదట ఆట మీద పడినా, కరెంటును నియంత్రించే భాగాల చుట్టూ టంకం సరిగ్గా అతకకపోవడమే కారణమని ఆ సంస్థ తర్వాత వెల్లడించి, కార్డులు మార్చి ఇచ్చింది.

డ్రైవరు అంటే విండోస్‌కూ కార్డుకూ మధ్య దుబాసీగా పనిచేసే సాఫ్ట్‌వేర్. కొత్తది వేసిన రోజు నుంచే లోపం మొదలైతే పాతదానికి తిరిగి వెళ్ళడంలో నామోషీ ఏమీ లేదు. 2010 మార్చిలో ఎన్విడియా తన 196.75 డ్రైవరు వల్ల ఫ్యాన్లు సరిగా తిరగక కార్డులు వేడెక్కుతున్నాయని తెలిసి దాన్ని ఉపసంహరించుకుంది. 2020 సెప్టెంబర్‌లో ఆర్‌టీఎక్స్ 3080 కొన్నవారి ఆటలు కుప్పకూలుతుంటే, అదే సంస్థ 456.55 డ్రైవరుతో స్థిరత్వాన్ని మెరుగుపరిచింది. పాత డ్రైవరు అవశేషాలు మిగలకుండా ఉండాలంటే డిస్‌ప్లే డ్రైవర్ అన్‌ఇన్‌స్టాలర్ అనే ఉచిత సాధనాన్ని సేఫ్ మోడ్‌లో నడిపి, ఆ సమయంలో ఇంటర్నెట్ ఆపి, తయారీ సంస్థ నుంచి తెచ్చుకున్న డ్రైవరును వేయాలి; ఇంటర్నెట్ ఆపకపోతే విండోస్ తనకు నచ్చినదాన్ని మధ్యలో దూర్చేస్తుంది. జీటీఎక్స్ 1050 టీఐ, 1060 వంటి పాస్కల్ తరం కార్డులకు ఆటల డ్రైవర్లు 2025 అక్టోబర్‌తో ముగుస్తాయని, భద్రతా సవరణలు మాత్రం 2028 అక్టోబర్ వరకు వస్తాయని ఎన్విడియా ప్రకటించింది కాబట్టి, ఆ తర్వాత వచ్చిన కొత్త ఆట అటువంటి కార్డు మీద ఆగితే కార్డు చెడిందని అనుకోవడం న్యాయం కాదు. మానిటర్ కేబుల్‌ను కార్డుకు బదులు మదర్‌బోర్డు పోర్టుకు తగిలించడం, ల్యాప్‌టాప్‌లో ఆట చిన్న గ్రాఫిక్స్ చిప్పు మీద నడుస్తూ ఉండడం కూడా తరచుగా దొరికే కారణాలే. దొంగ కాపీ ఆటలో రక్షణ కోడును తొలగించే క్రమంలో జరిగే పాడు కూడా కార్డు ఖాతాలో జమ అవుతుంది. అటువంటి కాపీ మీద చేసిన పరీక్షకు విలువ లేదు.

కార్డు వేషంలో వేరే భాగం మోసగించిన ఉదంతాల్లో 2024 నాటిది చెప్పుకోదగినది. ఇంటెల్ 13, 14 తరాల ప్రాసెసర్లున్న కంప్యూటర్లలో అన్‌రియల్ ఇంజిన్ ఆటలు, వీడియో మెమరీ చాలడం లేదన్న సందేశంతో మూతపడేవి. సందేశం కార్డు పేరు చెప్పింది గనుక ఎందరో కార్డులు మార్చారు. ప్రాసెసర్‌కు అవసరానికి మించిన వోల్టేజీ అందడం మూలమని తేలాక, ఇంటెల్ ఆ ఏడాది మైక్రోకోడ్ సవరణలు విడుదల చేసి, వారంటీని రెండేళ్ళు పొడిగించింది. ర్యామ్‌ను ఎక్స్‌ఎంపీ అనే అధిక వేగంలో నడిపినప్పుడు కూడా ఇటువంటి భ్రమ కలుగుతుంది; మదర్‌బోర్డు బయాస్‌లో దాన్ని ఆపి, మెమ్‌టెస్ట్86ను ఒక రాత్రి నడిపితే ర్యామ్ సంగతి బయటపడుతుంది.

ఇవన్నీ అయ్యాక, వేరే కంప్యూటర్‌లో, బలమైన ఎస్‌ఎంపీఎస్ మీద కూడా అదే లోపం కనబడితే అప్పుడు కార్డే చెడిందనవచ్చు. స్నేహితుడి కంప్యూటర్‌లో వేసి చూసే ఈ పరీక్షకు సాటి లేదు, ఒక్క షరతు మీద: ఒకసారికి ఒక్క భాగాన్నే మార్చాలి. కార్డు, కేబుల్, డ్రైవరు మూడూ ఒకే సాయంత్రం మార్చి లోపం పోయిందని సంతోషించేవారికి, అది తిరిగి వచ్చిన రోజున మళ్ళీ మొదటి నుంచి మొదలుపెట్టక తప్పదు. చెడిన కార్డును ఓవెన్‌లో పెట్టి వేడిచేస్తే బాగవుతుందన్న ప్రచారాన్ని నమ్మకూడదు. చిప్పు కింది సన్నని అతుకులు వేడికి కొద్ది రోజులు కలిసినట్టు ప్రవర్తించి మళ్ళీ విడిపోతాయి. 2008 జూలైలో ల్యాప్‌టాప్ చిప్పుల అతుకు పదార్థం బలహీనమని ఒప్పుకుని 15 నుంచి 20 కోట్ల డాలర్లు పక్కన పెట్టవలసి వచ్చిన ఎన్విడియా కూడా వేడిచేసి బాగుచేయలేదు. పైగా ఆ పొగ వంట చేసుకునే ఓవెన్‌లోకి పోతుంది.

సెకండ్‌హ్యాండ్ కార్డు కొనేవారు 2022 సెప్టెంబర్ 15ను గుర్తుంచుకోవాలి. ఆ రోజున ఇథీరియం అనే డిజిటల్ నాణేన్ని కార్డులతో తవ్వే పద్ధతి ముగిసి, రాత్రింబవళ్ళు నడిచిన కార్డులు పాత సరుకు అంగళ్ళకు చేరాయి. వాటిలో కొన్నిటి సొంత బయాస్‌ను, అంటే కార్డులోనే ఉండే ప్రాథమిక సాఫ్ట్‌వేర్‌ను, తవ్వకానికి అనువుగా మార్చడం వల్ల ఆటల్లో అవి తడబడతాయి; మూల బయాస్ తిరిగి వేస్తే బాగుపడినవీ ఉన్నాయి. ఇంకొన్ని అసలు పేరే అబద్ధమైన కార్డులు, అంటే పాత జీటీఎస్ 450 తరం చిప్పుకు జీటీఎక్స్ 1050 టీఐ అని పేరు మార్చి అంటగట్టినవి. జీపీయూ-జెడ్ 2018 నుంచి ఇటువంటివాటిని పట్టి ఫేక్ అని చూపిస్తోంది కనుక, డబ్బు చేతులు మారకముందే అంగడిలోని కంప్యూటర్‌లో దాన్ని నడిపించి చూడమని అడగడం కొనేవారి హక్కు. బిల్లు మీద కార్డు సీరియల్ నంబరు రాయించుకోవడం కూడా అంతే. వారంటీ ఉన్నా అమ్మినవారు మొండికేస్తే 1915 జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ ఉంది.

వారంటీకి పంపేటప్పుడు కార్డుతో పాటు ఒక కాగితం వెళ్ళాలి. ఏ ఆట, ఎన్ని నిమిషాలకు ఆగింది, అప్పటి ఉష్ణోగ్రత ఎంత, ఏ ఎస్‌ఎంపీఎస్, వేరే కంప్యూటర్‌లో ఏమైంది అన్న వివరాలు అందులో రాసి, లోపం కనిపించే వీడియోను ఫోనులో తీసి పంపాలి, ఎందుకంటే సర్వీసు కేంద్రంలో నిలకడైన కరెంటు మీద, చల్లని గదిలో, కాసేపు మాత్రమే నడిపి చూసినప్పుడు లోపం బయటపడకపోవచ్చు. కార్డులో ఏ తప్పూ లేదన్న చీటీతో అది తిరిగి వస్తే కోపం తెచ్చుకోవడానికి ముందు ఆ చీటీని సాక్ష్యంగా చదవాలి: అక్కడ నడిచి ఇక్కడ ఆగుతోందంటే వెతకవలసింది ఈ ఇంట్లోని ఎస్‌ఎంపీఎస్‌లో, ప్లగ్గులో, వైరింగులో, ఆ వరుసలోనే.